స్వేచ్ఛావాణిజ్యము – మగ్గమును నాగలియు



మీ ఊరి అంగడిలో నేడు అమ్మెడు సరకులను ఒక్కమాఱు మనసునకు తెచ్చుకొనుడు. డబ్బాలోని వంటనూనె మలేషియా, ఇండోనేషియా దేశములనుండి ఓడలమీద వచ్చినది. కందిపప్పు కొంత ఆఫ్రికాఖండపు తూర్పుతీరమున పండినది. మన గుంటూరు మిరపకాయ చైనాదేశమునకు పోవుచున్నది. భీమవరపు చెఱువులలో పెరిగిన రొయ్య అమెరికావారి పళ్లెరమునకు చేరుచున్నది. ఈ రాకపోకల నడుమ, రేవునందు, కంటికి కానరాని ద్వారమొకటి కలదు. దానికి సుంకమని పేరు. ఆ ద్వారమును ఎంత తెఱవవలెను, ఎప్పుడు మూయవలెను అను విషయమున రాజ్యములు తమలో తాము చేసికొను కట్టుబాట్లకే స్వేచ్ఛావాణిజ్యపు ఒడంబడికలని పేరు. సంతకము ఢిల్లీలోనో జెనీవాలోనో జరుగును. దాని ఫలము మాత్రము కల్లములో కాటా వేసిననాడు తెలియును.

ఇది నిన్నమొన్న పుట్టిన విషయము కాదు. తెలుగుదేశమునకు దీనితో నాలుగువందల యేండ్ల పరిచయము కలదు. ఆ పరిచయమువలన మనకు లాభమెంత, నష్టమెంత, ఎవరికి లాభము, ఎవరికి నష్టము అను లెక్కను మీ యెదుట పెట్టుటయే నేటి ప్రసంగపు ఉద్దేశము.

17వ శతాబ్ది ప్రారంభమున మచిలీపట్టణము గోలకొండ సుల్తానుల రాజ్యమునకు ప్రధానమగు రేవు. ఆ శతాబ్ది తొలి యేండ్లలోనే ఒలాందావారు అచట కోఠీ పెట్టిరి. ఇంగ్లీషువారు 1611లో వచ్చిరి. ఫరాసువారు 1669లో వచ్చిరి. వీరందఱును సముద్రములు దాటి ఏమి కోరి వచ్చిరి? మన బట్టను కోరి వచ్చిరి. వారు తెచ్చిన సరకులలో మనకు కావలసినవి మిక్కిలి స్వల్పము. అందుచేత వెండి బంగారములను తెచ్చి బట్టను కొనవలసివచ్చెను. జావా, సుమత్రా మొదలగు దీవులలో మిరియము, లవంగము, జాజికాయ కొనదలచినచో, అచటి జనులు మన రంగుబట్టను అడిగెడివారు. పారసీకమునకును మన చీటీగుడ్డలు పోవుచుండెను. గోదావరి తీరమున నరసాపురమునకు చేరువనున్న మాధవాయపాలెమున నేసిన సన్నని తెల్లబట్ట ఆ ఊరిపేరుతోనే ‘మాడపోలము’ అని ఐరోపా అంగళ్లలో ప్రసిద్ధి కెక్కెను.

ఆ బట్టవెనుక ఎందఱి చేతులున్నవో చూడుడు. పత్తి పండించిన రైతు ఒకడు. గింజ తీసి, ఏకులు చేసి, రాట్నముమీద నూలు వడికిన ఆడువారు పదిమంది. ఈ వడకుట ఏ కులమునకును కట్టువడిన పని కాదు. పొలము పని లేని మధ్యాహ్నములందు ప్రతి గడపలోను రాట్నము తిరుగుచుండెడిది. దిక్కులేని వితంతువునకు అదియే జీవనాధారము. ఆ నూలును పడుగు పోసి, గంజి పెట్టి, నేసిన సాలె, దేవాంగుల కుటుంబములు వేఱు. బట్టను చలువచేసిన చాకలి వేఱు. కృష్ణానది సముద్రమున కలియు ప్రాంతపు ఇసుకనేలలలో చిరివేరును త్రవ్వి తెచ్చినవాడు వేఱు. ఆ వేరు ఇచ్చు ఎఱ్ఱదనమే మన అద్దకపుబట్టకు కీర్తి తెచ్చినది. నీలిమందు పండించిన రైతు, కలముతో బొమ్మ తీర్చిన అద్దకపువాడు, బేరము కుదిర్చిన కోమటి, ఇందఱికిని ఆ ఒక్క బట్ట అన్నము పెట్టుచుండెను. పల్లెలో పొలమును, మగ్గమును ఒకే కాడికి కట్టిన రెండెడ్ల వంటివి.

ఇక సముద్రమునకు ఆవలి గట్టున జరిగినదేమో వినుడు. మన బట్ట చవుకగాను, అందముగాను, ఉతికినను రంగు పోనిదిగాను ఉండుటచే ఐరోపాలోని స్త్రీపురుషులు దానిని మోజుతో ధరింపసాగిరి. అచటి ఉన్ని, పట్టు నేతగాండ్రకు కూడు కఱవయ్యెను. వారు ఊరకొనలేదు. తమ ప్రభుత్వములకు మొఱపెట్టుకొనిరి. వీథులలో అల్లరులు చేసిరి. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లోనే అద్దకపు బట్టలను నిషేధించెను. ఆ నిషేధము 1759 వఱకు నిలిచెను. ఇంగ్లండు శాసనసభ 1700లో ఒక చట్టము చేసి, హిందూదేశము, పారసీకము, చైనాలనుండి వచ్చు రంగు అద్దిన నూలుబట్టలను తమ దేశమున వాడుటకై దిగుమతి చేయరాదని శాసించెను. అది చాలనందున 1721లో మఱియొక చట్టము చేసిరి. దానిచే అద్దకపు నూలుబట్టను కట్టుకొనుటయే నేరమయ్యెను. ఈ రెండవ శాసనము 1774 వఱకు రద్దుకాలేదు. తమ నేతగానిని రక్షించుకొనుటకు ఇంగ్లీషువారు ముప్పాతిక శతాబ్దము తలుపు బిగించుకొనిరి. స్వేచ్ఛావాణిజ్యమును లోకమునకు బోధించినవారు ఆ పాఠమును తాము మొదట నేర్చుకొనలేదని చరిత్ర చెప్పుచున్నది.

తలుపు మూసియున్న ఆ కాలములోనే వారి ఇంట యంత్రము పుట్టినది. 1733లో విసరు నాడె, 1760వ దశాబ్దమున ఒక్కమాఱుగా పెక్కు కదుళ్లు త్రిప్పు జెన్నీరాట్నము, 1769లో నీటిబలముచే నడచు వడుకు యంత్రము, 1779లో సన్ననూలు తీయు మ్యూలుయంత్రము, 1785లో మరమగ్గము ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ఆ యంత్రములు చెడ్డవని నిందించుట న్యాయము కాదు. అవి మానవుని తెలివికి తార్కాణములు. పదిమంది చేయు పనిని ఒక్కడు చేయగలిగినప్పుడు వెల తగ్గుట సహజము. యంత్రము ఎవరి చేతిలో నుండెను, రాజ్యము ఎవరి చేతిలో నుండెను అనునవే ఇచట విచారింపవలసిన ప్రశ్నలు.

రాజ్యమును చూడుడు. ఉత్తరసర్కారులు 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాచేతను, 1766లో నైజాముతో చేసిన సంధిచేతను ఇంగ్లీషు కంపెనీ వశమయ్యెను. గుంటూరుసీమ 1788లో చేరెను. అంతకుముందు సాలెవాని గుమ్మమునొద్ద ఒలాందా వర్తకుడు, ఫరాసు వర్తకుడు, దేశీయుడైన కోమటి పోటీపడి నిలిచెడివారు. ఒకరు తక్కువ వెల చెప్పినచో మఱియొకరి నడుగవచ్చును. కొనువాడే రాజైన పిమ్మట వెల చెప్పుట ఎవరి వశము? బయానా పుచ్చుకొన్న నేతగాడు కంపెనీకే నేయవలెను, కంపెనీ చెప్పిన వెలకే ఇయ్యవలెను. సాలెలు సహింపలేక పని మాని, ఊళ్లు విడిచి నిరసన తెల్పిన సందర్భములు కంపెనీవారి దస్తరములలోనే వ్రాయబడియున్నవి. మగ్గమునకు మొహతర్ఫా యను పన్ను వేఱుగా నుండెను. సరకు ఒక సీమనుండి మఱియొక సీమకు పోవునపుడు దారిసుంకము కట్టవలెను. మద్రాసు రాజధానిలో ఆ దారిసుంకము 1844లో గాని పోలేదు.

1813లో ఇంగ్లండు శాసనసభ కంపెనీవారి వర్తకపు గుత్తను, తేయాకును చైనా వ్యాపారమును మినహాయించి, తీసివేసెను. ఇంగ్లండులోని ప్రతి వర్తకునికిని మన దేశపు ద్వారము తెఱవబడినది. దీనినే వారు స్వేచ్ఛావాణిజ్యమనిరి. ఆ స్వేచ్ఛలోని కొలతలను చూడుడు. ఇంగ్లీషు నూలుబట్ట మన రేవులలో దిగునపుడు నూటికి 2½, 3½ వంతుల సుంకము చెల్లించెడిది. మన ‘కాలికో’ బట్ట ఇంగ్లండులో దిగునపుడు 1824లో నూటికి 67½ వంతులు చెల్లింపవలసివచ్చెను. ఆ సుంకమును 1832 నాటికి 10 వంతులకు తగ్గించిరి. అప్పటికి తగ్గించియు ప్రయోజనము లేదు. 1814లో ఇంగ్లండునుండి మన దేశమునకు వచ్చిన నూలుబట్ట ఇంచుమించు 8 లక్షల గజములు. 1835లో అది 5 కోట్ల గజములను మించెను. అదే కాలమున మనము ఇంగ్లండునకు పంపిన బట్ట పన్నెండున్నర లక్షల తానులనుండి మూడులక్షల తానులకు పడిపోయెను. 1833నాటి చట్టముచే కంపెనీవారు వర్తకమునే మానివేయగా, ఉత్తరసర్కారులలో తరతరములుగా కంపెనీ బయానాలమీద బ్రతికిన గ్రామములకు కొనువాడే లేకుండ పోయెను.

మొదట ఎవరు పడిపోయిరి? సాలెవాడు పడిపోయెనని సాధారణముగా చెప్పుదురు. సత్యము చూడగా వానికంటె ముందు పడిపోయినది రాట్నమువద్ద కూర్చున్న స్త్రీ. యంత్రపునూలు వచ్చి అంగడిలో దిగినదినమున ఆమె నూలును కొనువారు లేరు. ఆమె మొఱపెట్టుకొనుటకు కులపంచాయతి లేదు. లెక్కలలో ఆమె పేరు లేదు. ఇంటికి వచ్చు నాలుగు కాసులు ఆగిపోయినవి, అంతే. సాలెవాడు ఆ మిల్లునూలునే కొని నేసి కొంతకాలము నిలదొక్కుకొనెను. ముదుక చీరలు, పంచెలు నేయువాడు నిలిచెను. ఎగుమతికై సన్నబట్ట నేసినవాడు కూలెను. చిరివేరును త్రవ్వువాని వృత్తి 1869లో జర్మనీదేశమున కనుగొన్న కృత్రిమపు ఎఱ్ఱరంగువలన క్షీణించెను. కడప, నెల్లూరు సీమల నీలిమందు రైతునకు 1897 మొదలుకొని అంగడికి వచ్చిన కృత్రిమపు నీలిరంగు అదే గతి పట్టించెను.

మగ్గము విడిచినవాడు ఎచటికి పోవును? పొలమునకే పోవలెను. అప్పటికే పొలమునకు కూలివారు కొఱతగా లేరు. కూలి తగ్గెను, కౌలు హెచ్చెను. 1832, 33 సంవత్సరములలో గుంటూరుసీమను పీడించిన నందననామ సంవత్సరపు కఱవును మీ తాతముత్తాతలు డొక్కలకఱవని చెప్పుకొనెడివారు. వానలు లేకపోవుటయే ఆ కఱవునకు మూలకారణము. కాని కఱవుకాలమున మొదట కొనుట మానునది బట్ట. చేతిలో ధాన్యములేక, నేసిన బట్టకు కొనువాడులేక, సాలెవాడు రైతుకంటె ముందు ఆకలిపాలగును. చేతిపనులు బలముగానున్న పల్లె ఒక ఏటి కఱవును ఓర్చుకొనగలదు. నాగలి యొక్కటియే మిగిలిన పల్లె వానచినుకునకు బానిస యగును.

ఇంతయు చెప్పి రెండవ ప్రక్కను దాచుట ధర్మము కాదు. మిల్లుబట్ట వచ్చినందున బీదకాపు, కూలివాడు చవుకగా బట్ట కట్టుకొనిరి. ఏడాదికి ఒక పంచెతో గడపినవానికి రెండవ పంచె వచ్చినది. ధవళేశ్వరమువద్ద 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన గోదావరి ఆనకట్ట, ఆ వెనువెంట 1855 నాటికి ముగిసిన కృష్ణ ఆనకట్ట డెల్టాలను ధాన్యాగారములుగా చేసినవి. కాకినాడ రేవునుండి ధాన్యము, పత్తి, నూనెగింజలు విదేశములకు పోవుచు రైతు చేతిలో రూపాయి ఆడించినవి. అమెరికాలో 1861 మొదలు 1865 వఱకు అంతర్యుద్ధము జరిగి అచటి పత్తి ఇంగ్లండునకు పోకుండుటచే మన పత్తికి వెల హఠాత్తుగా హెచ్చెను. ఆ వెల నమ్మి అప్పుచేసి పత్తి వేసిన రైతులు యుద్ధము ముగియగానే వెల పడిపోయి ఋణములలో మునిగిరి. విదేశపు అంగడి యిచ్చు లాభము నదికి వచ్చిన వఱద వంటిది. కాలువ త్రవ్వుకొన్నవానికి అది పంటనిచ్చును, గట్టున గుడిసె వేసికొన్నవానిని కొట్టుకొనిపోవును.

19వ శతాబ్ది చివర జరిగిన ఒక విశేషమును మఱువరాదు. అప్పటికి బొంబాయి, అహమ్మదాబాదులందు దేశీయులు మిల్లులు పెట్టి యంత్రపు విద్యను నేర్చుకొనిరి. 1882లో ప్రభుత్వము దాదాపు దిగుమతి సుంకముల నన్నింటిని రద్దుచేసెను. బొక్కసమునకు ధనము చాలక 1894లో మఱల సుంకములు వేసిరి. లాంకషైరు మిల్లుదారులు ఒప్పుకొనలేదు. అందుచే 1896లో విదేశపుబట్టపై నూటికి 3½ వంతుల దిగుమతిసుంకము ఉంచి, దానికి సరిగా మన దేశపు మిల్లుబట్టపైనను 3½ వంతుల పన్ను వేసిరి. తన ఇంటివాడు తన ఇంట నేసిన బట్టపై పరాయివానికి సమానముగా పన్ను చెల్లింపవలెనట! ఆ పన్ను 1925 డిసెంబరులో నిలుపబడి, 1926లో రద్దయ్యెను. 1905లో పుట్టిన స్వదేశీ ఉద్యమమునకును, 1921లో విజయవాడయందు కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము దేశమున 20 లక్షల రాట్నములు త్రిప్పవలెనని చేసిన తీర్మానమునకును వెనుకనున్న బాధ ఇదియే. రాట్నము ఊరక గుర్తుగా ఎన్నుకొనబడినది కాదు. మొదట ఆగిపోయినది రాట్నము గనుక మొదట తిరుగవలసినదియు రాట్నమే అయ్యెను.

ఇచట ఐరోపా రైతుల కథ రెండుమాటలలో చెప్పెదను. మన నేతగానికి తలుపులు తెఱచిపెట్టిన ఇంగ్లండు తన భూస్వాములకు మాత్రము 1815లో ధాన్యపు చట్టము చేసి కాపుదల నిచ్చెను. గోధుమ ధర ఒక నిర్ణీతమైన ఎత్తునకు చేరువఱకు విదేశపు గోధుమ రారాదని ఆ చట్టము చెప్పెను. పట్టణపు కార్మికులు ప్రియమైన రొట్టె తినుచు ముప్పదియేండ్లు ఓర్చుకొనిరి. 1846లో గాని అది రద్దుకాలేదు. పిదప 1870వ దశాబ్దమున పొగయోడలు, రైళ్లు వచ్చి అమెరికా, రష్యా దేశముల ధాన్యము చవుకగా ఐరోపాలో దిగెను. జర్మనీ 1879లో సుంకము పెంచి తలుపు వేసికొనెను. డెన్మార్కు అను చిన్నదేశము తలుపు వేయలేదు. అచటి రైతులు గోధుమ అమ్ముట తగ్గించి, చవుకయైన ధాన్యమును పశువులకు మేపి, వెన్నయు పందిమాంసమును ఇంగ్లండునకు అమ్మ మొదలిడిరి. 1882లో ఒక చిన్న గ్రామమున తొలి పాలసహకారసంఘము పుట్టెను. కొలది యేండ్లలో దేశమంతట అట్టి సంఘములు వ్యాపించెను. వారికి ఇది ఎట్లు సాధ్యమయ్యెను? భూమి రైతు పేర నుండెను. పెద్దవారికి సైతము చదువుచెప్పు పల్లెపాఠశాలలు 1844 నుండి నడచుచుండెను. రాజ్యము వారిదై యుండెను. తెఱచిన తలుపు డెన్మార్కు రైతును నిలిపినది, మన సాలెవానిని కూల్చినది. తలుపులో భేదము లేదు. తలుపు తాళము ఎవరి చేతనున్నది, ఇంటివానికి మాఱుటకు వ్యవధియు సాధనమును ఉన్నవా లేవా అనుటలోనే భేదము.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప తాళము మన చేతికి వచ్చెను. 1947లో 23 దేశములు చేసికొన్న సుంకముల ఒడంబడికలో మన దేశమును చేరెను. చాలకాలము మనము తలుపు దాదాపు మూసియే యుంచితిమి. ఆ కాపుదలలో పరిశ్రమలు పుట్టినవి. పోటీలేక సోమరులైనవియు కొన్ని గలవు. ఇంతలో ధనికదేశములు పాత పద్ధతినే క్రొత్త వేషమున నడిపినవి. 1974 మొదలు 2004 చివరవఱకు వారి దేశములలోనికి మనవంటి బీదదేశములనుండి ఏడాదికి ఇంత బట్టయే రావలెనని మితి పెట్టిరి. 1721నాటి శాసనమునకు అది మనుమని వంటిది. 1994 ఏప్రిలులో మర్రకేషు నగరమున సంతకములు జరిగి, 1995 జనవరి 1వ తేదీన ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడెను. ఆ ఒడంబడికచే వ్యవసాయము మొదటిమాఱుగా లోకవాణిజ్యపు కట్టుబాట్లలోనికి చక్కగా వచ్చెను. దిగుమతుల పరిమాణమునకు మనము పెట్టుకొనిన ఆంక్షలపై అమెరికా వ్యాజ్యము వేసి గెలువగా, 2001 ఏప్రిలు 1 నాటికి చివరి 715 సరకులపై ఆంక్షలు కూడ తొలగింపబడినవి.

దీని ఫలమును వంటనూనె కథలో స్పష్టముగా చూడవచ్చును. 1986లో ప్రభుత్వము నూనెగింజలకై ఒక ప్రత్యేకోద్యమమును నడిపెను. మంచి విత్తనము, సరియైన ధర, సహకారసంఘముల కొనుగోలు, దిగుమతిపై అదుపు ఇవన్నియు కలిసి రాగా, 1990వ దశాబ్దపు తొలియేండ్లలో దేశము నూనె విషయమున దాదాపు తన కాళ్లపై నిలిచెను. 1994లో పామోలిన్ దిగుమతిని స్వేచ్ఛగా అనుమతించి నూటికి 65 వంతుల సుంకము వేసిరి. 1998 నాటికి ఆ సుంకము 15 వంతులకు దిగెను. సోయానూనెపై 45 వంతులను మించి సుంకము వేయరాదని మనమే మర్రకేషు పత్రములో వ్రాసియిచ్చి యుంటిమి. పామునూనెపై 300 వంతుల వఱకు వేసికొను హక్కు నిలుపుకొంటిమి. ఈ రెండంకెలను చూచినచో, సంతకము చేయు దినమున ఒక్క గీత ఎంతటి బరువు మోయునో మీకు బోధపడును. నేడు మనము తిను నూనెలో సగమునకు మించి విదేశములది.

అనంతపురపు వేరుసెనగ రైతు కష్టములకెల్ల ఈ సుంకమే కారణమనుట సత్యము కాదు. వానలు మొగము చాటువేయుట, తెగుళ్లు, అప్పులవడ్డీ, బోరుబావులలో నీరింకుట ఇవియు గలవు. కాని ఈ భారములు మోయుచున్న ఎద్దుమీద పరదేశపు నూనెపీపాను కూడ ఎక్కించితిమనుట మాత్రము నిజము. పశ్చిమగోదావరిలో ప్రభుత్వపు మాటనమ్మి ఆయిల్‌పాము తోటలు వేసిన రైతు సంగతియు అట్టిదే. మొక్క నాటిన నాలుగేండ్లకు గాని గెల రాదు. ఈలోపల సుంకము పలుమాఱులు మాఱును. 2024 సెప్టెంబరులో ముడినూనెలపై మూలసుంకమును 20 వంతులకు పెంచిరి. 2025 మే నెలలో దానిని 10 వంతులకు తగ్గించిరి. పట్టణపు గృహిణికి నూనె వెల తగ్గుట మేలే. ఆమెయు మన బిడ్డయే. కాని పాతికయేండ్లు నిలువవలసిన తోటను ఎనిమిదినెలలకు మాఱు సుంకమును నమ్మి వేయుట ఎట్లు?

పత్తిరైతు మాటయు చెప్పవలెను. అమెరికా ప్రభుత్వము తన పత్తిరైతులకు ధనసహాయము చేసి లోకపు అంగడిలో వెలను క్రుంగదీసినదని బ్రెజిల్ దేశము వ్యాజ్యము వేయగా, 2005లో ప్రపంచ వాణిజ్య సంస్థ బ్రెజిలు పక్షముననే తీర్పు చెప్పెను. స్వేచ్ఛాపోటీయని పేరు పెట్టి, ఒకనికి కఱ్ఱయిచ్చి మఱియొకని చేతులు కట్టుట పాత యలవాటే. ఆ తీర్పు సాధించినది బ్రెజిలు రైతుల సంఘబలమును, వారి ప్రభుత్వపు పట్టుదలయు.

లాభపు లెక్కను మఱల చూడుదము. రొయ్య, మిరప, బియ్యము, మందులు విదేశములకు అమ్మి తెలుగునాడు ధనమార్జించినది. తలుపులన్నియు మూసినచో ఆ చెఱువులు ఎండిపోవును. కాని ఒక్క అంగడినే నమ్ముకొనుట ఎంత ప్రమాదమో 2025 ఆగస్టులో తెలియవచ్చెను. అమెరికా మన సరకులపై సుంకమును నూటికి 50 వంతులకు పెంచినదినమున, ఆ తీర్మానములో పాలులేని మన కోస్తా రైతు తన చెఱువుగట్టున కూర్చుండి దిగాలుపడెను. దేశములు నిరాకరింపవలసినచోట నిరాకరించుటయు గలదు. 2019 నవంబరు 4వ తేదీన బాంకాకునగరమున తూర్పుదేశముల పెద్ద ఒడంబడికలో చేరమని మన ప్రభుత్వము చెప్పెను. న్యూజిలాండు, ఆస్ట్రేలియాల పాలపొడి వచ్చి పడినచో ఒకటి రెండు గేదెలతో బ్రతుకు కుటుంబములు నిలువలేవని పాడిరైతుల సంఘములు చేసిన మొఱ అందుకు ఒక కారణము. 2025 జూలై 24న ఇంగ్లండుతోనే మనము స్వేచ్ఛావాణిజ్యపు ఒడంబడికపై సంతకము చేసితిమి. మన బట్టపై ఇంగ్లండు సుంకము తీసివేయుటకును, మన పాలపదార్థములను, వంటనూనెలను ఒడంబడికకు వెలుపల నుంచుటకును అందు ఏర్పాటు కలదు. 1824లో 67½ వంతులు కట్టిన బట్టకు రెండువందల యేండ్లకు సుంకములేని ద్వారము చూపబడినది. చూపినది వారి దయకాదు. బేరమాడుటకు మనకొక బల్ల, కూర్చుండుటకొక పీట ఉన్నందుననే అది సాధ్యమయ్యెను.

కనుక పెద్దలారా, తలుపులన్నియు మూయుడను మాటనుగాని, అన్నియు తెఱవుడను మాటనుగాని చరిత్ర సమర్థింపదు. చవుకవలన కలుగు లాభము కోట్లమందికి తలకొక కాసుచొప్పున పంచబడును. నష్టము మాత్రము కొన్ని ఊళ్లమీద, కొన్ని వృత్తులమీద ఒక్కపెట్టున పడును. కాసు లాభము పొందినవాడు దానిని గమనింపడు. సర్వము పోయినవాని మొఱ దూరమునకు వినబడదు. ఈ అసమానమును సరిదిద్దుటకే రాజ్యము, సంఘము, పెద్దలు ఉన్నారు. ఇకమీద ఏ ఒడంబడిక వార్త వినవచ్చినను మీ గ్రామసభలోను, సహకారసంఘములోను నాలుగు ప్రశ్నలు వేయుడు. మన తలుపు తెఱచినంత వారి తలుపును తెఱచిరా? మాఱుటకు మన రైతునకు, నేతగానికి ఎన్ని యేండ్ల వ్యవధి యిచ్చిరి? ఆ వ్యవధిలో విత్తనము, అప్పు, చదువు, సంఘము సమకూర్చిరా? లెక్కలో పేరులేని వారు, నాటి రాట్నపు స్త్రీవంటివారు, నేడు ఎవరు? ఈ కడపటి ప్రశ్నను మఱువకుడు. దానికి జవాబు ఢిల్లీలో నున్నవారికి తెలియదు. మీ ఊరి వీథి తెలిసిన మీకే తెలియును.

మాధవాయపాలెపు బట్టను ఇంతకుముందు చెప్పితిని. ఆ బట్టపేరు నేటికిని ఇంగ్లీషు నిఘంటువులలో నున్నది. కడకు ఇంగ్లండు మిల్లులే ఆ పేరుతో బట్టనేసి లోకమునకు అమ్మినవి. పేరు మనదై పని పరులదగుటకు ఒక శతాబ్దము చాలినది. మన ఊరి పంటకు, మన ఊరి చేతిపనికి అట్టి గతి మఱల రాకుండ కాచుకొనుట, తాళము చేతనున్నంతకాలము, మన పనియే.